పగ్గాలు అప్పగించే ముందు చదవాల్సినవి

ఇద్దరు పెద్దవాళ్లు తెలిసి, ఇష్టపడి, ఒకరి పెత్తనానికి మరొకరు తలవంచేలా కుదుర్చుకునే సంబంధాన్ని పవర్ ఎక్స్ఛేంజ్ అంటారు. అది పడకగదిలో ఒక్క రాత్రికే పరిమితం కావచ్చు, రోజువారీ కాపురంలోకీ రావచ్చు. కొత్తవాళ్లు చాలామంది నవలతోనో సినిమాతోనో మొదలుపెడతారు. ముందు చదవాల్సింది మాత్రం ఎలా ఆపాలో నేర్పే పుస్తకం.

మన దేశంలో ఈ హెచ్చరిక పాతదే. వాత్స్యాయన కామసూత్రాల రెండో అధికరణంలో ఏడో అధ్యాయం సరసంలో కొట్టడం గురించి, సీత్కారాల గురించి చెబుతుంది. చోళరాజు దెబ్బకు చిత్రసేన అనే వేశ్య చనిపోయిందనీ, కుంతల దేశపు శాతవాహనుడు శాతకర్ణి ‘కర్తరి’ అనే దెబ్బతో మహాదేవి మలయవతి ప్రాణం తీశాడనీ, నరదేవుడు ఒక నర్తకి కన్ను పోగొట్టాడనీ వాత్స్యాయనుడు పేర్లతో సహా రాశాడు. ఇవి దక్షిణాది అలవాట్లనీ, ఆదరించదగ్గవి కావనీ తేల్చేశాడు. మనం గొప్పగా చెప్పుకునే శాతవాహన వంశం ఈ పట్టీలో కనబడటం తెలుగు పాఠకుడికి కాస్త గుచ్చుకోవాల్సిందే. అదే అధ్యాయంలో ఓ పెద్ద లోటూ ఉంది. ‘చాలు’, ‘వదులు’ అనే అర్థమిచ్చే మాటల్ని కూడా సీత్కారాల్లోనే చేర్చారు. మరి నిజంగానే చాలనుకున్న మనిషి ఏమనాలి?

ఆ జవాబు ఈ కాలపు ఇంగ్లిష్ పుస్తకాల్లో ఉంది. ఆటలో మామూలుగా రాని ఒక మాటను ఇద్దరూ ముందే అనుకుంటారు. అదే సేఫ్ వర్డ్. ఎక్కువమంది సిగ్నల్ లైట్ల రంగులు వాడతారు: ‘ఎల్లో’ అంటే జోరు తగ్గించాలి, ‘రెడ్’ అంటే ఆ క్షణమే ఆపాలి. నోరు మూసి ఉంటే చేతిలో తాళాల గుత్తి పట్టుకుంటారు, అది కింద పడిందంటే ఆట ఆగిపోయినట్టే. జే వైజ్‌మన్ రాసిన ‘ఎస్ఎం 101’ (1992) ఈ జాగ్రత్తలకు మంచి పుస్తకం. వైజ్‌మన్ అంబులెన్స్‌లో పనిచేసిన మనిషి, రాతలోనూ ఆ చూపు కనబడుతుంది. గొంతు నొక్కే, ఊపిరి ఆపే ఆటకు సురక్షితమైన పద్ధతే లేదని ఆయన గట్టిగా వాదించాడు. తాళ్లతో కట్టేవాళ్లు, కట్టిన చేయి తిమ్మిరెక్కిందంటే విప్పడానికి ఆలస్యం చేయకూడదు, నరం దెబ్బతినే ప్రమాదముంది. మొండి మొన కత్తెర అందేంత దూరంలో ఉండి తీరాలి.

డాసీ ఈస్టన్, జానెట్ హార్డీ కలిసి రాసిన ‘ద న్యూ బాటమింగ్ బుక్’ (2001) లొంగే వైపు నుంచి, ‘ద న్యూ టాపింగ్ బుక్’ (2003) నడిపే వైపు నుంచి మాట్లాడతాయి. నడపాలని ఉబలాటపడేవాళ్లు మొదటిదాన్నే ముందు చదవాలి. అవతలి మనిషి ఏం ఇస్తున్నారో తెలియనిదే పెత్తనం చేతకాదు. లీ హారింగ్టన్, మొలీనా విలియమ్స్‌ల ‘ప్లేయింగ్ వెల్ విత్ అదర్స్’ (2012) నలుగురు కలిసే చోట్ల మర్యాదల గురించి. అలాంటి కూడికలు లేని ఊళ్లవాళ్లకు దాంతో పెద్ద పనిలేదు.

నవలల వంతు ఆ తర్వాతే. మసోక్ రాసిన ‘వీనస్ ఇన్ ఫర్స్’ 1870 నాటిది. దానికి ముందు ఏడాది డిసెంబరులో ఆయన ఫానీ పిస్టర్ అనే ఆమెకు ఆరు నెలలు దాసుడిగా ఉంటానని నిజంగానే పత్రం రాసిచ్చాడు. తన పని చేసుకోవడానికి రోజుకు ఆరు గంటలు ఇవ్వాలనీ, తన ఉత్తరాలూ రాతలూ చూడకూడదనీ అందులో షరతులున్నాయి. నవల కంటే ఆ షరతులే కొత్తవాళ్లకు ఎక్కువ నేర్పుతాయి. తెలుగులో నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఎడమకాలితో తన్నితే కృష్ణుడు ఆమె పాదం నొచ్చిందేమోనని బాధపడతాడు. లొంగుబాటులోని తీపి తెలియడానికి అది చాలు. అయితే ముందు మాట్లాడుకోవడం అందులో లేదు, కావ్యాన్ని కావ్యంగానే చదవాలి.

మసోక్ పత్రం లాంటివి ఇక్కడ ఏ కోర్టులోనూ చెల్లవు. అనైతికమైన ఒప్పందాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం గుర్తించదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్ ప్రకారం భయంతోనో అపోహతోనో ఇచ్చిన అంగీకారం అంగీకారమే కాదు. తీవ్ర గాయమో ప్రాణాపాయమో కలగవచ్చని తెలిసి చేసిన పనిని, పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి ఒప్పుకున్నా సరే, 25వ సెక్షన్ కాపాడదు. పద్దెనిమిది దాటిన భార్య విషయంలో మాత్రం అత్యాచార నిర్వచనం భర్తను ఇంకా మినహాయిస్తోంది. అందుకే పెళ్లయినవాళ్ల మధ్య ‘ఆపు’ అన్న మాటకు విలువ చట్టం కంటే ముందు వాళ్లే ఇచ్చుకోవాలి.

ఈ పుస్తకాలు తెప్పించుకోవడానికి అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) పక్కన బ్రూక్షాబాద్ లాంటి చోట మరో చిక్కుంది. 2011 లెక్కల్లో అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగువాళ్లు 13 శాతానికి పైనే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఒకరినొకరు ఎరుగుదురు, పార్సిల్ మీది పేరు కూడా ఊరికి కబురే. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక ఈ-బుక్ దింపుకోవడం తేలికైంది. ఇలా అందరూ ఎరిగిన ఊళ్లో ఫొటోలు, వీడియోలు తీయకపోవడమన్నది కూడా ముందే అనుకోవాల్సిన షరతే. ఒక్క పుస్తకానికే డబ్బులుంటే ‘ద న్యూ బాటమింగ్ బుక్’ కొనాలి, ఇద్దరూ చివరిదాకా చదివాకే మొదలుపెట్టాలి.