గోడ మీది క్రీస్తు, ఫోటోలోని క్రీస్తు

ఈ భాగంలో ఒకే కుడ్యచిత్రాన్ని చూపే మూడు రకాల ఫోటోలను పరిశీలిద్దాం. ఆ చిత్రం స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో, పిరనీస్ పర్వతాల నడుమ ఉన్న తావుల్ గ్రామంలోని సాంత్ క్లిమెంత్ చర్చికి చెందింది. ఈ చర్చిని 1123లో ప్రతిష్ఠించారు. మందపాటి గోడలు, అర్ధవృత్తపు తోరణాలు, చిన్న కిటికీలు గల ఈ శైలిని రోమనెస్క్ అంటారు. బలిపీఠం వెనుక గోడ అర్ధవృత్తంగా వంగి, పైన సగం గుమ్మటంగా ముగుస్తుంది. ఈ భాగాన్ని ‘యాప్స్’ అంటారు. గుమ్మటం వంపులో ఆసీనుడైన క్రీస్తు, కింది వరుసలో మేరీమాత, అపోస్తలులు, వారి నడుమ ఒక కిటికీ ఉంటాయి.

ఫోటో స్పష్టంగా ఉంటే, ఉన్నది ఉన్నట్టే కనిపిస్తోందని అనుకుంటాం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడండి.

1. కొండల్లో తీసిన ఫోటో

1907లో వాస్తుశిల్పి జుసెప్ పుచ్ ఇ కదఫాల్క్ నాయకత్వంలో ఒక పరిశోధక బృందం ఈ లోయలకు వెళ్లింది. అదోల్ఫ్ మాస్ అనే ఫోటోగ్రాఫర్ ఆ బృందంలో ఉన్నాడు. ఆనాటి ఫోటోలు నలుపు తెలుపువి. రంగులు తెలియడానికి చిత్రకారుల చేత నీటిరంగులతో నకళ్లు వేయించవలసి వచ్చింది. రంగు లేకపోవడం ఈ ఫోటోల లోపం. అయితే చిత్రం పుట్టిన గోడపైనే ఉన్నప్పటి సాక్ష్యం ఇవే.

పండితులకు తెలిసిన చిత్రాలు వ్యాపారులకూ తెలిశాయి. అదే ప్రాంతంలోని మూర్ చర్చి యాప్స్ చిత్రం అమ్ముడై అమెరికాలోని బోస్టన్ మ్యూజియానికి చేరింది. మిగిలినవైనా దేశం దాటకుండా బార్సిలోనా మ్యూజియం అధికారులు 1919–1923 మధ్య పలు చర్చిల చిత్రాలను గోడల నుంచి తీయించారు. చిత్రంపై జిగురుతో గుడ్డ అంటించి, ఆరాక రంగుపొరతో సహా ఒలిచి, చుట్టచుట్టి నగరానికి తరలించారు. తావుల్ క్రీస్తు కూడా అలాగే వెళ్లాడు.

2. మ్యూజియం ఫోటో

నేటి పుస్తకాల్లో మీకు ఎక్కువగా కనిపించేది ఇదే. బార్సిలోనాలో యాప్స్ ఆకారంలో కట్టిన నిర్మాణంపై చిత్రాన్ని అమర్చారు. ఇలాంటి చోట ఫోటోగ్రాఫర్ వెలుగును అన్ని వైపులా సమంగా పరచగలడు. రంగుల పట్టీ ఆధారంగా వర్ణాలను సరిచూసుకోగలడు. పిరనీస్‌లో దొరికే ఏరినైట్ ఖనిజంతో చేసిన నీలిరంగును, కనుబొమ్మల గీతలను పరిశీలించడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు.

కాని ఈ ఫోటో కొన్నింటిని దాస్తుంది. కెమెరాను క్రీస్తు ముఖం ఎత్తుకు తెచ్చి ఎదురుగా తీస్తే, వంపు చదునై అది గోడకు తగిలించిన పటంలా కనిపిస్తుంది. చర్చిలో భక్తుడు కింద నిలబడి తల ఎత్తి చూసేవాడు. గుమ్మటం వంపు వల్ల ఆ రూపం అతనిపైకి వంగినట్టు ఉండేది. ఫోటో కింద ‘తావుల్ చర్చి’ అని మాత్రమే రాస్తే, ఆ వెలుగు మ్యూజియానిదన్న సంగతి పాఠకుడికి తెలియదు.

3. కాంతితో వేసిన చిత్రం ఫోటో

2013 నుంచి తావుల్ చర్చిలోనే, అసలు గోడపై ఆ చిత్రాన్ని ప్రొజెక్టర్ల కాంతితో చూపుతున్నారు. గోడపై అసలు చిత్రపు ముక్కలు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి. ఇక్కడ తీసిన ఫోటోలో వంపు, ఎత్తు, రాతి గోడలు తిరిగి వస్తాయి. అయితే చెరిగిపోయిన భాగాలను కూడా నేటి ఊహ పూరించింది. క్రీస్తు చేతిలోని తెరిచిన పుస్తకంలో ఉన్నవి వెలుగును గురించిన మాటలే. ఇప్పుడు ఆ చిత్రమే వెలుగుగా మిగిలింది.

మన నిర్ణయం

ఈ మూడింటిలో ఏదీ అబద్ధం కాదు, ఏదీ సంపూర్ణమూ కాదు. రంగును, రేఖను అధ్యయనం చేయడానికి రెండవ ఫోటోను తీసుకోండి. చిత్రానికీ కట్టడానికీ ఉన్న సంబంధాన్ని గురించి రాసేటప్పుడు దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. తక్కిన రెండింటినీ పక్కన పెట్టుకుని చూడండి. అలా చూడని విమర్శ చర్చిని వదిలి మ్యూజియం గదిని వర్ణిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీకు దొరికిన ఒక కుడ్యచిత్రం ఫోటోను తీసుకుని ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి: కెమెరా ఎంత ఎత్తులో ఉంది? వెలుగు ఎక్కడి నుంచి పడుతోంది? అంచుల వద్ద ఏది తెగిపోయింది?