చలనచిత్ర పునర్దర్శనము - అభిప్రాయ పరిణామము

కావ్యమును పదిమారులు చదివినవాని తీర్పునకు విలువ నిచ్చు మన విమర్శలోకము, చలనచిత్ర విషయమున మాత్రము తొలి ఆట చూచి వెలువడినవాని మాటనే ప్రమాణముగా గొనుచున్నది. చిత్రము విడుదలైన సాయంకాలమునకే దాని మంచిచెడ్డలు తేలిపోవును. వారము తిరుగునప్పటికి చిత్రము ప్రదర్శనశాలనుండి తొలగిపోవచ్చును గాని, ఆ తొలి అభిప్రాయము నిలిచిపోవును. చూచిన చిత్రమునే కొన్నేండ్లకు మరల చూచినపుడు మన యభిప్రాయ మేల మారును? మారినది చిత్రమా, మనమా, లోకమా? కొన్ని తెలుగు చిత్రముల నాధారముగా గొని ఈ ప్రశ్నలను పరిశీలించుట మా యుద్దేశము.

తెలిసిన కథనే మరల చూచుట మనకు క్రొత్త గాదు. ఒగ్గుకథ వినువారికి మల్లన్న కథ ముందే తెలియును. చిందు భాగవతము చూచువారికి కథ యెట్లు ముగియునో తెలియును. అయినను వారు రాత్రియెల్ల మేలుకొని కూర్చుందురు. ఏమి జరుగునను కుతూహలము కంటె ఎట్లు జరుగునను ఆసక్తియే వారి ననేక పర్యాయములు రప్పించును. కావ్యములను పలుమారు లనుశీలించుటచే మనస్సు అద్దమువలె నిర్మలమైనవాడే సహృదయుడని అభినవగుప్తుని మతము. ఈ మతము చలనచిత్రమునకును చెల్లునని మాకు తోచుచున్నది.

ఇందుకు 1957లో వెలువడిన 'మాయాబజార్' ప్రథమ నిదర్శనము. కె.వి.రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చిన ఈ చిత్రమును తొలిసారి చూచువాడు ఘటోత్కచుని మాయలకును, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమునకును ముగ్ధుడగును. మరల చూచునపుడు ఆ మాయల క్రింద నున్న గృహస్థకథ బయల్పడును. ఆడపడుచు కొడుకునకు చిన్ననాడే అనుకొన్న పిల్లను, ఆ యింట కలిమి తొలగగానే కలవారి యింటి కీయ బూనుటయే యీ కథకు బీజము. రాజ్యము కోల్పోయిన పాండవులు తెరపై నెక్కడను కానరారు. ఈ విషయమును తొలి దర్శనమున గుర్తింపనివా రనేకులు. లేమిచే మరుగుపడిన బంధువులను చిత్రము సైతము మరుగుననే యుంచినది. ఇది తెలిసిన పిమ్మట రేవతీ బలరాముల మాటలు వట్టి హాస్యముగా వినబడవు.

మాయా శశిరేఖ ఘట్టమును గూడ ఇట్లే చూడవలెను. సావిత్రి శరీరమున ఎస్.వి.రంగారావు నడకయు, చూపును, మీసము దువ్వుకొనబోవు హస్తమును గనిపించుట నవ్వు పుట్టించును. ఆ నవ్వు తీరిన పిమ్మటగాని ఆ నటి యెంత లెక్కతో రెండు దేహభాషల నొక్కటిగా కూర్చినదో బోధపడదు. అంతకన్న ముఖ్యమైన దింకొకటి కలదు. తొలి దర్శనమున మనము సుభద్రతోడను శశిరేఖతోడను గలసి కలతపడుదుము. మలి దర్శనమున, జరుగబోవున దెల్ల నెరిగి చిరునవ్వుతో నూరకుండు కృష్ణుని స్థానము మనకు లభించును. ఈ స్థానమార్పునకు చిత్రమే చోటు కల్పించినది. కావున ఇచట అభిప్రాయ పరిణామము ప్రేక్షకుని చాపల్యము గాదు, కృతి గుణము.

2010లో ఈ చిత్రము వర్ణములతో మరల విడుదలైనది. నిడివియు కొంత తగ్గింపబడినది. దానిని చూచి 'మాయాబజారును మరల చూచితిమి' అనుట, తాళపత్ర పాఠమును వదలి పరిష్కృత ప్రతిని చదివి కవిని నిర్ణయించుట వంటిది. ఏ ప్రతిని చూచితిమో చెప్పుట విమర్శకుని ప్రథమ ధర్మము.

రెండవ విధమైన మార్పునకు 'దేవదాసు' ఉదాహరణము. 1953 నాటి ఈ వేదాంతం రాఘవయ్య చిత్రమును ఇరువదేండ్ల వయస్సున చూచువానికి దేవదాసు దుఃఖమే సర్వస్వము. నడివయస్సున చూచువానికి, రాత్రివేళ వెరపులేక అతనికడకు వచ్చిన పార్వతి ధైర్యమును, నిర్ణయించుకొనలేని యతని దౌర్బల్యమును ఎక్కువగా గోచరించును. అక్కినేని నటనలో ఈ రెండర్థములకును తావున్నది. ఇచట మారినది ప్రేక్షకుని వయస్సు. ఆ మార్పునకు తట్టుకొని నిలిచినది చిత్రము.

మూడవది లోకము మారుటచే కలుగు పరిణామము. కిషన్ చందర్ నవల ననుసరించి గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి.నర్సింగరావు నిర్మాతలలో నొకడుగా వెలువడిన 'మా భూమి' 1980లో ప్రదర్శితమైనది. నాటివారికది తెలంగాణ సాయుధ పోరాట స్మృతి. 2014లో ప్రత్యేక రాష్ట్ర మేర్పడిన పిమ్మట చూచువానికి, తన యాసను తెరపై గౌరవముతో వినిపించిన తొలినాటి చిత్రములలో నొకటి. 2023లో గద్దర్ మరణించిన పిమ్మట, అందు గొంగడి భుజమున వైచికొని పాడు యువకుని చూచుటలో వేరొక బరువు చేరినది. చిత్రమున నొక్క దృశ్యమును మారలేదు. ఈ బరువును చిత్రగుణముగా లెక్కించుట పొరపాటు, లెక్కింపకుండుటయు అసాధ్యము. రెంటిని వేరుగా చెప్పుటయే మార్గము.

ఈ విచారము జ్యోతినగర్ వంటి చోట నిశితమగును. 1983లో తొలి యూనిట్ ప్రారంభమై, 2004 నాటికి 2600 మెగావాట్లకు పెరిగిన రామగుండము విద్యుత్ కేంద్రపు నివాసప్రాంత మిది. ఆ బాయిలర్లలో మండునది సింగరేణి బొగ్గు. ప్రక్కనే గోదావరిఖని బొగ్గుబాయిలు. ఇట్టి ప్రాంతమున షిఫ్టుల నడుమ చిత్రము చూచువారికి, 2023లో వచ్చిన శ్రీకాంత్ ఓదెల 'దసరా' తమ నేలను చూపు చిత్రము. తొలి దర్శనమున ఇట్టి ప్రేక్షకుడు పోలికలనే వెదకుట సహజము: మాట మాదేనా, మసి మాదేనా, మనుష్యులు మావారేనా యని. పోలిక కుదిరినచో మెచ్చును, కుదరనిచో కోపించును. ఇది తీర్పు గాదు, గుర్తింపు మాత్రమే.

పోలికల యారాటము తీరిన పిమ్మట చూచినచో రెండు విషయములు తేలును. కదలు రైలునుండి బొగ్గు దొంగిలించు ధరణి సాహసము మొదట వినోదముగా నుండును. ఊరి నేలలోని సంపద ఊరిమీదుగానే వెడలిపోవుచుండ, ఊరివారికి దొంగతనముగాగాని అది దక్కదను నర్థము పిమ్మట స్ఫురించును. ఇది చిత్రమునకు లాభము. రెండవది నష్టము. సూరి మరణానంతరము వెన్నెల మెడలో ధరణి తాళి కట్టు ఘట్టము ఆవేశమున ఉదాత్తముగా దోచును. మరల చూచునపుడు, వెన్నెల నెవరును అడుగలేదను సంగతి కండ్లబడును. ఆమె దుఃఖమును తీర్చుకొనుటకు గూడ ఆమెకు వ్యవధి లేదు. పునర్దర్శనము చిత్రమునెల్లప్పుడు పైకెత్తునని తలంపరాదనుట కిది నిదర్శనము.

పలుమారులు చూచుటచే మమకారము పెరిగి వివేకము తగ్గునని కొంద రాక్షేపింతురు. ఆక్షేపము నిరాధారము గాదు. బాల్యమున చూచిన చిత్రములపై మనకు గల ప్రీతియే సాక్షి. కాని మమకారము మనము ముందు మెచ్చినదానినే మరల మెప్పించును, క్రొత్తదానిని చూపలేదు. మలి దర్శనమున పూర్వము కనబడనిది కనబడి, దానిని తెరపై వేలుపెట్టి యితరులకు చూపగలిగినచో అది మమకారము గాదు, విమర్శయే.

కావున అభిప్రాయము మారినదని చెప్పు విమర్శకుడు, ఆ మార్పు కృతివలననా, వయస్సువలననా, చరిత్రవలననా యని విడదీసి చెప్పవలెను. తెలంగాణ బొగ్గునేల తెరకెక్కుట అరుదు. అట్టి చిత్రములపై మొదటివారపు చప్పట్లును, మొదటివారపు కోపమును తుది తీర్పులుగా నిలిచిపోయినచో, ఈ నేల తన్ను తాను చూచుకొను నవకాశమును కోల్పోవును. వానిని మరల చూచి, మరల తూచి, మారిన యభిప్రాయమును హేతువులతో వ్రాయుట మన శాఖలు చేయదగిన పని.