మూడు వందల గ్రాముల పనితనం

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కర్మన్‌ఘాట్ వైపు తిరిగి ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే, చంపాపేట దాటాక కంచన్‌బాగ్ వస్తుంది. క్షిపణులకు రూపమిచ్చే డీఆర్‌డీఎల్ అక్కడే. అగ్ని క్షిపణి కోసం తేలికపాటి మిశ్రమ పదార్థం తయారుచేసిన కాలంలో, నిమ్స్ ఎముకల డాక్టరొకరు అబ్దుల్ కలాం ప్రయోగశాలకు వచ్చి దాన్ని చేత్తో ఎత్తి చూశారట. వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైబడిన ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ చేసిచ్చామని కలాం ఎన్నో సభల్లో సంతోషంగా చెప్పుకున్నారు.

పేరంతా బరువుకే వచ్చింది. నా మెప్పు మాత్రం దాని ఆకారానికి.

ఆ ఆకారం ఎందుకో తెలియాలంటే, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగేవాళ్ల మోకాళ్లను ఓసారి గమనించండి. ఒంటి బరువంతా ఒక్కసారి కిందపడకుండా ఆపి ఆపి దించేది తొడ ముందు కండరం. పోలియో వెన్నుపాములోని కదలిక నరాల కణాలను దెబ్బతీస్తే ఆ కండరం చచ్చుబడుతుంది. ఎముక, కీలు, చర్మపు స్పర్శ ఉన్నట్టే ఉంటాయి, పట్టి నిలిపే కండరమే ఉండదు. అందుకే అలాంటి పిల్లలు అడుగేసినప్పుడల్లా తొడను చేత్తో వెనక్కి నొక్కుతారు. మన ఊళ్లలో ఒక తరమంతా ఆ నడకను చూసింది.

పాత కాలిపర్ తొడ నుంచి బూటు దాకా రెండు ఇనుప కడ్డీలతో మోకాలిని బిగించేసేది. కూర్చోవాలంటే లాక్ తీయాలి. కొత్తది మోకాలి కిందే ఆగిపోతుంది. కీలు లేదు, లాక్ లేదు. మరి మోకాలిని నిలిపేదెవరు? నేల! ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అన్న పేరు అందుకే. మన బరువుకు నేల ఇచ్చే ఎదురు బలం మోకాలికి వెనకగా పోతే మోకాలు వంగుతుంది, ముందుగా పోతే చాచుకుంటుంది. ఈ కాలిపర్‌లో చీలమండను వేళ్లు కాస్త కిందికి వాలేలా బిగిస్తారు. ఒళ్లు పాదం మీదికి రాగానే మోకాటి కింది ఎముక ముందుకు వాలబోతుంది, మోకాలి కింద ముందువైపు ఉన్న కాలిపర్ డిప్ప దాన్ని వెనక్కి నెడుతుంది. పిల్లవాడి చెయ్యి చేసిన పనే ఇది. మోకాలు పూర్తిగా చాచుకునేటప్పుడు తొడ ఎముక చివర్లో రవ్వంత లోపలికి తిరుగుతుంది, లిగమెంట్లు బిగుసుకుంటాయి, తలుపుకు గడియ పడ్డట్టే. ఆ స్థితిలో కండరం మీద పెద్దగా భారం ఉండదు.

అసలు పనితనం ఆ డిప్పలో ఉంది. మోకాలిచిప్ప కింద వేలితో తడమండి: గట్టి పట్టీలాంటి స్నాయువు తగులుతుంది. అది ఒత్తిడి తట్టుకుంటుంది. ఇంకాస్త కిందికి వస్తే ఎముక అంచు మీద చర్మం తప్ప కండ లేదు. మోకాలి బయటివైపు చిన్న ఎముక తల పక్కన ఒక నరం చర్మం కిందనే చుట్టు తిరుగుతుంది. అక్కడ అదేపనిగా ఒత్తిడి పడితే పాదం ఎత్తే శక్తి పోవచ్చు. అందుకే కాలి అచ్చు తీసిన టెక్నీషియన్ ఎముక తేలినచోట అచ్చుకు ప్లాస్టర్ అద్దుతాడు, డిప్ప అక్కడ ఎడంగా నిలవాలని. ఒత్తిడి పడాల్సిన చోట గీకుతాడు. యంత్రం కన్నా వేలి కొసే నమ్మకమైన పని ఇది.

దీనికి హద్దులున్నాయి. మోకాలు ముందే వంకరగా బిగుసుకుపోతే ఇది పనిచేయదు. 2014లో భారత్‌కు పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది కాబట్టి, ఇప్పుడిది ఎక్కువగా మోకాళ్లు వంచి నడిచే సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఉపయోగపడుతోంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిది వేసుకుంటే, తీసిన అరగంట తర్వాత చర్మం చూడండి. ఎర్రటి మచ్చ తగ్గకపోతే డిప్ప సరిచేయించాల్సిందే. పెరిగే పిల్లలకైతే ఎప్పటికప్పుడు కొత్త కొలతలు ఇప్పించండి.