ఆటిజం గల బాలలకు ఉపాధ్యాయులు: శిక్షణపై ఒక విమర్శ

2025 ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రత్యేకావసరములు గల బాలల బోధనకై 2,260 ఉపాధ్యాయ పదవులను మంజూరు చేసినది. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరున సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి మూలము. తల్లిదండ్రులు ఎంతో కాలముగా ఎదురుచూచిన శుభవార్త యిది. ఐనను పదవి నిండినంత మాత్రమున పని జరిగినట్లు కాదు. ఆ పదవికి వచ్చు వ్యక్తి ఏమి నేర్చి వచ్చుచున్నాడను ప్రశ్న మిగిలియే యున్నది. ఆటిజం విషయమున ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది.

ఆటిజం అంటువ్యాధి కాదు; పెంపకములోని లోపమును కాదు. అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఇది వైద్యలోకపు దృష్టికి వచ్చినది. తల్లి ప్రేమ కొరవడుటయే కారణమని కొంతకాలము సాగిన వాదమును తరువాతి పరిశోధనలు త్రోసిపుచ్చినవి. మెదడు ఎదుగుదలలోని భేదము వలన ఈ స్థితి కలుగును. ఇట్టి పిల్లలకు ఇతరులతో మాట కలుపుట కష్టము. దినచర్య మారినచో కలత చెందుదురు. శబ్దము, వెలుగు, స్పర్శ కొందరికి అతిగాను, కొందరికి మందముగాను తోచును. తెలివితేటలు మాత్రము ఒక్కొక్కరిలో ఒక్కొక్క తీరుగా నుండును. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజం పేరు లేదు. 2016 నాటి చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో అది చేరినది.

భారత పునరావాస మండలి 2015లో రూపొందించిన ప్రత్యేక విద్యా బి.ఇడి. ప్రణాళికను ఈ దృష్టితో పరిశీలింపవలెను. రెండు సంవత్సరములు, 80 క్రెడిట్లు, 2,000 గంటలు దాని పరిమాణము. సాధారణ బోధనా శాస్త్రమును విడువక, ప్రత్యేక విద్యను దానితో జోడించుట మెచ్చదగినది. పాఠశాలలలో అభ్యాసమునకు కూడ అందు చోటు కల్పించిరి. ఆరు ప్రత్యేక విభాగములలో ఆటిజంను ఒకటిగా నిలుపుట మరియొక మంచి పని.

చిక్కు ఈ విభజనలోనే యున్నది. అభ్యర్థి ఆరింటిలో ఒకదానినే ఎన్నుకొనును. వినికిడి లోపమునో, దృష్టి లోపమునో ఎన్నుకొన్నవారికి ఆటిజం ముఖ్యముగా ఒక్క పత్రములోనే ఎదురగును. అభ్యసన వైకల్యము, మేధోవైకల్యము, ఆటిజం మూడింటికిని కలిపి ఆ పత్రమునకు కేటాయించినవి రెండు క్రెడిట్లు. కాగా, 2022లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన లెక్క ప్రకారము ప్రాథమిక తరగతులలో ప్రత్యేకావసరములు గల పదిమంది బాలలకు ఒక ప్రత్యేకోపాధ్యాయుడు ఉండవలెను. ఆ పదిమంది అతడు చదివిన విభాగమును చూచి బడికి రారు కదా!

పరవాడ వంటి ఊరిని తలచినచో ఈ లోపము స్పష్టమగును. సింహాద్రి విద్యుత్కేంద్రము, ఫార్మాసిటీ వెలసిన ఈ మండలము 2022లో విశాఖపట్నం జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఊరివారితో పాటు పనికై వలస వచ్చిన కుటుంబములును ఇచ్చట గలవు. ఇట్టి చోట రెండవ తరగతి బాలుడొకడు, భోజనపు గంట మ్రోగగనే చెవులు మూసికొని బల్ల క్రింద దూరుచున్నాడనుకొన్నచో, శిక్షణ లేని కంటికి అది అల్లరి. పుస్తకము మాత్రమే చదివిన కంటికి అది పరీక్షలో వ్రాయదగిన ఒక లక్షణము. అనుభవము గల ఉపాధ్యాయునికి మాత్రము చేయవలసిన పని తోచును. గంటకు ఐదు నిమిషములు ముందుగా బొమ్మ చీటీ చూపి రాబోవు దానిని తెలుపును. కంచముల చప్పుడుకు ఎడముగా చోటు చూపును. వారము దినములు గమనించి, ఏది ఫలించెనో వ్రాసికొనును. గట్టుమీద నిలిచి ఈత నేర్చినవారు లేరు.

భాష మరియొక సమస్య. ఆటిజం గల పిల్లలు కొందరు విన్న మాటను విన్నట్లే తిరిగి పలుకుదురు. 'నేను' అనవలసిన చోట 'నీవు' అందురని ఆంగ్ల గ్రంథములు చెప్పును. తెలుగులో ఈ గుర్తు అంత సులభముగా కానరాదు. "నీళ్లు తాగుతావా?" అని తల్లి అడుగును. మరునాడు దాహమైనప్పుడు బిడ్డ ఆమె కొంగు పట్టుకొని "నీళ్లు తాగుతావా?" అనును. ఇందు 'నీవు' అను మాటయే లేదు. అది క్రియ చివర దాగియున్నది. సర్వనామము కొరకు వెదకు ఉపాధ్యాయుడు బిడ్డ తననే అడుగుచున్నాడని భ్రమపడవచ్చును. బిడ్డ దాహము తీరదు. ఇంటిలో "ఏటి", బడిలో "ఏమిటి" అని వినుట కూడ, ఒకే రూపమునకు అలవాటుపడిన బిడ్డకు చిక్కే. దేశమంతటికి వ్రాసిన ప్రణాళికలో ఇట్టి సంగతులు ఇముడవు. వాటిని చేర్చు బాధ్యత తెలుగునాట శిక్షణ నిచ్చు సంస్థలది.

అమెరికాలోని ఉత్తర కరోలినాలో ఎరిక్ షాప్లర్ నడిపిన 'టీచ్' కార్యక్రమము 1972లో ఆ రాష్ట్రమంతటికి విస్తరించినది. తల్లిదండ్రులను బోధనలో భాగస్వాములుగా గ్రహించుట దాని ముఖ్య సూత్రము. ఉపాధ్యాయులు నిజముగా పిల్లలున్న తరగతిలో, అనుభవజ్ఞుల యెదుట పని చేసి నేర్చుకొనుట మరియొకటి. ఈ రెండింటికిని గొప్ప ధనము అక్కరలేదు.

రెండేండ్లలో అన్నియు నేర్పుట సాధ్యమా యని ఆక్షేపింపవచ్చును. క్రొత్త పత్రములు చేర్చనక్కరలేదు. ఉన్న గంటలను సర్దినచో చాలును. ఏ విభాగము వారైనను ఆటిజం గల ఒక్క బిడ్డను కొన్ని వారములు గమనించి, తల్లితో మాటలాడి, తెలుగులో నివేదిక వ్రాయవలెను. పరీక్షతో సమానముగా దానికి విలువ నీయవలెను. 1984లో సికింద్రాబాదున వెలసిన జాతీయ సంస్థ ఆటిజంను నిర్ధారించుటకు 40 అంశముల కొలమానమును ఇదివరకే తయారుచేసినది. బిడ్డ స్థితి తెలిసిన పిదప బడిలో ఏమి చేయవలెనో తెలుపు తెలుగు ఉదాహరణములను ఆ సంస్థయు, విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తును కలిసి సమకూర్చవచ్చును.

పదవులు మంజూరైనవి. ఇక చూడవలసినది, గంట మ్రోగినప్పుడు బల్ల క్రిందనున్న బాలుని వద్దకు వంగి చూచువారికి అతని చేష్ట అర్థమగునా అనునది.