ఎనిమిది లారీల కంపెనీ

ఈ వారం జహీరాబాద్ వైపు వెళ్తే ఒళ్లు మండింది. రైతుల కంపెనీ ఆఫీసు ముందే ఒక వ్యాపారి లారీ ఆగి ఉంది. దాంట్లోకి ఆలుగడ్డ బస్తాలు ఎక్కిస్తున్న రైతు ఆ కంపెనీలో వాటాదారు. "కంపెనీ మీదే కదా, ఇదేం పని?" అన్నాను. "మాదే సార్, కాదంటలేను. ఈయన కిలోకు రూపాయి ఎక్కువిస్తుండు. పైసలు గిప్పుడే ఇస్తుండు" అని మరో బస్తా భుజానికెత్తుకున్నాడు.

ములుకనూరు సంఘం పేరెత్తకుండా సహకారం మీద నాకు కలం కదలదని పాత పాఠకులకు తెలుసు. ఎత్తేశాను. 1956లో విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన ఆ సంఘం సభ్యులకు అప్పూ తనే ఇచ్చింది, పంటా తనే అమ్మిపెట్టింది. అలాంటి సంఘం ఉన్న గడ్డ మీద వాటా కట్టి, ఓటు వేసి, పంట మాత్రం బయటివాడికి పోస్తే కోపం రాదా? 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి, పదిమంది రైతులు కలిస్తే కంపెనీ పెట్టుకునే వీలు కల్పించారు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. ఇంతకన్నా ఏం కావాలి?

ఏం కావాలో కాగితం మీద లెక్క వేసి చూశాను. 2020లో కేంద్రం తెచ్చిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం ప్రకారం మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. తలా రెండు వేలు కడితే 6 లక్షలు. దానికి సమానంగా ప్రభుత్వ గ్రాంటు మరో 6 లక్షలు. మొత్తం 12 లక్షలు. కిలో పదిహేను రూపాయలనుకుంటే పది టన్నుల లారీ సరుకు లక్షన్నర. అంటే కంపెనీ చేతిలో ఉన్నది ఎనిమిది లారీల డబ్బు. సభ్యులు తలా ఎకరం వేసి, ఎకరాకు ఎనిమిది టన్నులు తీశారనుకోండి, వచ్చేది 240 లారీల పంట. అదీ దాదాపు ఒక్కసారే. ఇక్కడ అందరూ అక్టోబర్, నవంబర్‌లలో నాటేవాళ్లే. మూడు నెలల పంట, ఎండలు ముదరకముందే తవ్వాలి. వడ్లయితే గోదాములో ఆగుతాయి. ఆలుగడ్డకు కోల్డ్ స్టోరేజీ కావాలి, లేదంటే మొలకొస్తుంది, వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. ఈలోగా ఆగ్రా సరుకు బోయిన్‌పల్లి మార్కెట్లో దిగుతుంది.

ఎనిమిది లారీలు కొన్నాక, ఆ డబ్బు తిరిగొచ్చేదాకా కంపెనీ చేతులు ముడుచుకోవాలి. వ్యాపారి ముడుచుకోడు. సైజు చూసి వేరు చేయడం, గాయపడ్డ గడ్డను ఏరేయడం, లారీ మాట్లాడటం, కొన్న దుకాణదారు డబ్బు ఎగ్గొడితే మింగడం అతని పని. దళారీని తిట్టడం ఈ కాలమ్‌కు ఉగాది పచ్చడంత ఆనవాయితీ. తిట్లకు లోటేమీ లేదు, ఇకముందూ ఉండదు. కానీ అతన్ని తీసేస్తే ఈ పనులన్నీ ఎవరో ఒకరు చేయాలి, వాటికి డబ్బు పెట్టాలి.

ఇంకో సంగతి. ఆ రూపాయి వ్యాపారి ఎందుకు ఎక్కువిచ్చాడు? పక్కనే కంపెనీ కాటా ఉంది కాబట్టి. కంపెనీ కొనని బస్తాకు కూడా కంపెనీ వల్లే ధర పెరిగింది. ఈ మేలు ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనిపించదు. దాని మీద సీఈవోకు జీతం కూడా రాదు.

మరి కంపెనీ దేని మీద బతకాలి? విత్తనం మీద. ఆలుగడ్డకు ఎకరాకు ఏడెనిమిది క్వింటాళ్ల విత్తనం పడుతుంది, అదీ ఉత్తరాది నుంచి రావాలి. విడివిడిగా కొనే రైతు అక్కడే నలుగుతాడు. చాలామందికి ఆ విత్తనాన్ని అరువిచ్చేది ఈ వ్యాపారే. అరువు తీసుకున్న రోజే పంట అతనికి రాసిచ్చినట్టు లెక్క. అమ్మకంలో కంపెనీ ముందు డబ్బు పెట్టాలి. విత్తనంలోనైతే చేతిలో డబ్బున్న రైతు ముందే కడతాడు, లేని రైతుకు ఆ 12 లక్షలు అరువుకు పనికొస్తాయి. అక్టోబర్‌లో వ్యాపారికి బాకీ పడని రైతు ఫిబ్రవరిలో ఎవరికి అమ్మినా నాకు అభ్యంతరం లేదు. ఆ లారీకైనా సరే.