విప్పి బిగించే విద్య

కొత్తగా రంగు వేసిన పాత సైకిలును కొనకండి. సెకండ్ హ్యాండ్ బేరానికి వెళ్ళేవాళ్ళకు నేను ముందుగా చెప్పే మాట ఇదే. ఎనామిల్ పెయింటు కింద పగుళ్ళూ, వెల్డింగు మచ్చలూ దాక్కుంటాయి. దుమ్ము కొట్టుకుని, గొలుసు వేలాడుతూ, గోడకు ఆనించి ఉన్న నల్ల సైకిలైతే దాని జబ్బులన్నీ పైకే కనిపిస్తాయి.

నేను చెబుతున్నది 28 అంగుళాల చక్రాలు, ఇనప రాడ్ల బ్రేకులు, స్ప్రింగుల సీటు ఉన్న పెద్ద సైకిలు గురించి. ఇంగ్లండు నుంచి రాలీ, హంబర్, రడ్జి పేర్లతో దిగిన ఆ నమూనానే స్వాతంత్ర్యం వచ్చాక మన కర్మాగారాలు అందిపుచ్చుకున్నాయి. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో మొదలయ్యాయి. పేర్లు వేరైనా కొలతలు దాదాపు ఒకటే కాబట్టి ఒకదాని బేరింగు కోన్లు, గుళ్ళు, చైను ఇంకోదానికి సరిపోతాయి. సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు మూతపడింది. ఆ వార్త నన్ను చాలా బాధపెట్టింది. అయినా పాత అట్లాస్ ఉన్నవాళ్ళు సామాను కోసం దిగులు పడక్కర్లేదు.

ఈ సైకిలును పూర్తిగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించడమే మన షాపుల్లో చేసే ఓవరాయిలింగ్. ఆ పనితనానికి అద్దె సైకిళ్ళ దుకాణాలే బడులు. గంటకింత అని తీసుకుని ఎవరెవరో తొక్కి, గుంటల్లో దింపి, కిందపడేసి తెచ్చిన సైకిలు మర్నాటి పొద్దుటికి మళ్ళీ సిద్ధం కావాలి. ఆ అవసరంలోంచి వచ్చింది అక్కడి మెకానిక్‌ల వేగం.

బేరం దగ్గర ముందు చూడవలసినవి ఫ్రేము, ఫోర్కు. తక్కినవన్నీ మార్చుకోవచ్చు. హ్యాండిల్ కింది గొట్టం వెనకగా, వాలు గొట్టం అడుగున వేలితో తడమండి. రంగు ముడతలు పడి ఉంటే ఆ సైకిలు ఎప్పుడో దేన్నో గట్టిగా గుద్దింది. వెనక ఇరుసు ఒక కొస నుంచి దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొసకు తెచ్చి లాగండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు వైపులా సమంగా ఉండాలి. పాలక్యాన్లు మోసిన సైకిలైతే క్యారేజీ కింది అతుకులు చూడాలి. కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి ఊళ్ళలో స్పోకుల నిపుల్స్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంటాయి, కీ వేసి ఒకటి రెండు తిప్పి చూశాకే ధర మాట్లాడండి. ఫ్రేము నంబరు అరగదీసి ఉంటే మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

చైనును స్కేలుతో కొలవవచ్చు. 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు సాగిందంటే చైనుతో పాటు ఫ్రీవీలు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక పనిలోకి వస్తే, చెయ్యి తిరిగినవాళ్ళెవరో తెలిసేది చక్రం బెండు తీసేటప్పుడే. ముందు చక్రానికి 32 స్పోకులు, బరువు ఎక్కువ మోసే వెనక చక్రానికి 40. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కలను పట్టవు, ఇరుసు వైపున్న లోపలి ముఖానికి ఒత్తుకుంటాయి. అందుకని పక్కలకు కొద్దిగా ఊగినా చెల్లుతుంది గాని, గుండ్రం తప్పితే బ్రేకు పట్టి పట్టి వదులుతుంది. టైరు తీసేసి, సుద్దముక్కను ఫోర్కుకు ఆనించి పట్టుకుని చక్రాన్ని తిప్పుతారు. రిమ్ము అంచు మీద గీత పడిన చోట ఎత్తు ఉన్నట్టు. అక్కడి కుడి ఎడమ స్పోకులు రెండింటినీ సమంగా బిగిస్తే రిమ్ము లోపలికి దిగుతుంది. పక్కకు వంగిన చోటైతే ఆ వైపు స్పోకు వదులు చేసి, ఎదుటి వైపుది బిగించాలి. ఒక్కోసారి పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. ఆఖర్న స్పోకులను వేలితో మీటుతూ పోతే వీణ తంతుల్లా పలుకుతాయి, వదులైనది మొద్దుగా పలికి దొరికిపోతుంది.

తర్వాత గుళ్ళు. ముందు ఇరుసుకు మామూలుగా పక్కకు 10, వెనక ఇరుసుకు 9. ఒకటి అరిగిందని ఒకటే కొత్తది వేయకూడదు. వెంట్రుకవాసి పెద్దదైనా బరువంతా దాని మీదే పడి కోను చెడుతుంది. కోనును వేళ్ళతో చివరిదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి తెచ్చి లాక్ నట్టు వేస్తారు. నట్టు బిగిస్తుంటే కోను కాస్త జరుగుతుంది గనక మళ్ళీ సరిచూడాలి. చక్రాన్ని లేపి వదిలితే వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి, వాల్వు కిందికొచ్చి, అటూ ఇటూ ఊగి ఆగాలి. రిమ్ము పట్టి ఊపితే లొడలొడ ఉండకూడదు. కోనుకూ గుళ్ళకూ మధ్య సందు ఎంత ఉండాలో వేళ్ళే చెప్పాలి. ఫ్రీవీలులో మాత్రం గ్రీజు పెట్టనివ్వకండి. లోపలి చిన్న నాలుకలు అతుక్కుపోయి పెడలు ఉత్తినే తిరుగుతుంది, దానికి పల్చటి నూనే మేలు.

పుచ్చలపల్లి సుందరయ్య సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళిన సంగతి మనం గౌరవంగా చెప్పుకుంటాం. అలాంటి సైకిళ్ళను ఏళ్ళ తరబడి నడిపించిన చేతుల గురించి అంతగా చెప్పుకోం. చాలా కొత్త సైకిళ్ళలో బేరింగులు మూసేసిన డబ్బాలుగా వస్తున్నాయి, పాడైతే మొత్తం పారేయడమే. పెద్ద సైకిలులో అరుగుదల అంతా చవకైన చిన్న ముక్కల మీద పడుతుంది, అసలు ఒళ్ళు మిగులుతుంది. దాన్ని విప్పగలిగిన మనిషి ఊళ్ళో ఉన్నంతవరకే ఆ లాభం. అందుకే మెకానిక్ అడిగిన కూలిని బేరమాడవద్దని నా మనవి. వీలైతే పక్కన కూర్చుని ఆ పని నేర్చుకోండి.

ఓవరాయిలింగ్ అయ్యాక వారం రోజులు తొక్కి, సైకిలును మళ్ళీ షాపుకు తీసుకెళ్ళండి. పెడలు క్రాంకులను ఇరుసుకు పట్టి ఉంచే కొత్త కాటర్ పిన్నులు ఈలోగా సర్దుకుని కాస్త వదులవుతాయి. కింద ఇనప దిమ్మె ఆనించి, పిన్ను మీద సుత్తితో ఒక దెబ్బ వేసి, నట్టు మళ్ళీ బిగించాలి. స్పోకులు కూడా అప్పుడే ఇంకోసారి చూడమనండి.