కస్తూరి శివరావు: హాస్యనాయకత్వము

హసధాతువునుండి హాసము, హాస్యము అను రెండు రూపములు కలుగుచున్నవి. మొదటిది నవ్వుట, రెండవది నవ్వదగినది. ఈ భేదమును మఱచినవారు కస్తూరి శివరావును కేవలము నవ్వదగినవానినిగా నెంచి, యాతని నటనమునకు దగిన విలువ నీయరైరి.

1949వ సంవత్సరమున వాహినీవారు వెలువరించిన 'గుణసుందరి కథ' యీ విచారమునకు నికషము. కె. వి. రెడ్డి దర్శకత్వము వహించిన యీ చిత్రమున శివరావు విదూషకుడు కాడు, నాయకుడు. పతియే దైవమని పలికిన చిన్నకూతుపై నలిగి, ఉగ్రసేన మహారాజు ఆమెను దైవాధీన మను కురూపి కిచ్చి పెండ్లి చేయును. ఆ కురూపి శాపగ్రస్తుడైన రాజకుమారుడు.

వికృతాకారము హాస్యమునకు విభావమని లాక్షణికులు చెప్పిరి. ఇచ్చట నా వికృతియే, జూనియర్ శ్రీరంజని ధరించిన గుణసుందరి దుఃఖమునకును హేతువు. నటుడు దానిని మితిమీఱ జూపెనా, కరుణము చెడును. దాచెనా, హాస్యము చెడును. శివరావు ఈ రెంటి నడుమ నిలిచెను. రూపమున మఱుగుపడిన రాజకుమారుడు స్వరమున దోచుచుండును. 

మఱియు, దేహమున నే వికృతియు లేని తోడల్లుండ్రు (వీరిలో నొకడు రేలంగి) మహేంద్రమణి విషయమున మోసము చేసి, నడతచే హాస్యాస్పదులైరి. నవ్వదగినది రూపము కాదు, శీలమే యని కథాభిప్రాయము. దానికి శివరావు నటనమే యాధారము.

1950లో నాతడు స్వయముగా దర్శకుడై పరమానందయ్య శిష్యుల కథను తెరకెక్కించెను. 1966లో గతించెను. హాస్యనటుడను పేరు నిలిచినది. ఆ పేరు తప్పు కాదు, చాలదు.